బీదర్ గాలిమోటర్లు: మొదటి సోలో దాకా నా అనుభవం

మా తాతకు విమానం అనే మాట అలవాటు లేదు. ఎప్పుడూ గాలిమోటరే. 1979 డిసెంబర్‌లో నాకు కాల్ లెటర్ వచ్చింది, ఎయిర్‌ఫోర్స్ ఫ్లైట్ క్యాడెట్‌గా, అంటే శిక్షణలో ఉన్న పైలట్‌గా, బీదర్ ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూల్లో చేరమని. అమ్మ వీధంతా పేడాలు పంచింది. తాత మాత్రం మంచం దిగకుండానే, "బీదర్ల గాలిమోటర్ల జాగకా?" అని ఒక్క మాట అడిగి అటు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మాది జహీరాబాద్. బీదర్ మాకు 30 కిలోమీటర్లు. ఇప్పుడు రాష్ట్రం వేరు గానీ తాత లెక్కలో అదే మా జిల్లా. 1956 నవంబర్ 1న రాష్ట్రాలను విడదీసినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మా తాలూకా విడిపోయి మెదక్ జిల్లాలో కలిసింది. అంతకుముందు పహాణీ కావాలన్నా, కోర్టు పేషీ ఉన్నా బీదర్ కచ్చేరికే. తాత అక్కను ఇచ్చింది కూడా బీదర్ దగ్గర అష్టూరు పక్క పల్లెలోనే.

1948లో, వానాకాలం మొదట్లో, తాత అక్క ఇంటికి పోయి ఉన్నాడు. అర్ధరాత్రి ఆకాశంలో పెద్ద గుర్రు మోత. అంత కిందికి వచ్చిన గాలిమోటరును ఆ ఊరివాళ్ళు అంతవరకు చూడలేదు. బాంబులు వేస్తారని ఎవరో అరిచారు. పిల్లల్ని చంకనేసుకుని ఊరు ఊరంతా చీకట్లో పడి పరుగెత్తింది. నాకు ఈ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ గాలిమోటర్లు ఎవరివో మాత్రం చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి నిజాం ప్రభుత్వానికి రాత్రిళ్ళు దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్ట్రియన్ అనే నాలుగింజన్ల విమానాల్లో తెచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దింపాడు. తాత విన్నది ఆ మోతే అయి ఉండాలి.

సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం కదిలింది. 16న షోలాపూర్ రోడ్డు మీదుగా జహీరాబాద్ వైపు వచ్చింది. దారిలో మందుపాతరలు ఉండడంతో నెమ్మదించింది. 17న తెల్లవారుజామునే బీదర్లో అడుగుపెట్టింది. తాత ఆ రోజుల్లో ఇల్లు వదిలి జొన్న చేలల్లోనే పడుకున్నానని చెప్పేవాడు. అందుకే ఆయనకు బీదర్ ఎయిర్‌ఫీల్డ్ అంటే తుపాకులు దిగిన జాగా. మనవడు అక్కడికే పోతానంటే గుండె ఒప్పుకోలేదు.

నేను వెనక్కి తగ్గే స్థితిలో లేను. ఆ కాగితం కోసం ఏడాది తిరిగాను. మైసూరు సెలెక్షన్ బోర్డులో అందరికీ టెన్షన్ పెట్టేది పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష, పీఏబీటీ. ఒకసారి తప్పితే జన్మలో మళ్ళీ రాయనిచ్చేవారు కాదు. మెషీన్ ముందు కూర్చోబెట్టేవారు. చేతిలో స్టిక్, కాళ్ళ కింద పెడల్స్. తెర మీద చుక్క ఎటు జారిపోతున్నా మధ్యకు తెస్తూ ఉండాల్సి వచ్చేది. బయటికి వచ్చేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఢిల్లీలో మెడికల్. కళ్ళు, చెవులు, గుండెతో పాటు కాళ్ళ పొడవు, తొడ పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా టేపు పెట్టి కొలిచారు. పెడల్స్ అందాలి, తల పైకప్పుకు తగలకూడదు, ప్రాణం మీదికొచ్చి బయటికి ఎగరాల్సి వస్తే మోకాళ్ళు ప్యానెల్‌కు కొట్టుకోకూడదు. నాతో వచ్చిన ఒకతను అన్నీ పాసై తొడ పొడవు దగ్గర ఆగిపోయాడు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

జనవరిలో బీదర్ చేరాను. 1962 చైనా యుద్ధం తర్వాత మన ఎయిర్‌ఫోర్స్‌ను బాగా పెంచారు, పైలట్లు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చారు. నిజాం నాటి ఆ పాత మైదానం అలా బడి అయింది. మేం చేరేనాటికి అక్కడ తెల్లవారితే హెచ్‌టీ-2 విమానాల చప్పుడే. బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు, డాక్టర్ ఘాట్గే నాయకత్వంలో తయారు చేసిన విమానం అది, 1951లో మొదటిసారి ఎగిరింది. మన దేశంలోనే గీసి మన దేశంలోనే కట్టిన విమానం మీద విమానవిద్య మొదలుపెట్టామని నాకు ఇప్పటికీ గర్వం. ముందొక సీటు, వెనకొక సీటు, తోక కింద చిన్న చక్రం.

ఆ తోక చక్రమే మా కష్టాలకు మూలం. నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి లేచి ఉంటుంది, ఎదర ఏముందో కనబడదు. పాములా మెలికలు తిప్పుతూ, ఒకసారి ఎడమ పక్క నుంచి, ఒకసారి కుడి పక్క నుంచి తొంగి చూసుకుంటూ పోవాలి. దిగడం ఇంకా కష్టం. విమానం బరువు ముందు చక్రాలకు వెనకవైపు ఉంటుంది. కొంచెం పక్కకు తిరిగిందంటే ఆ బరువు ఇంకా పక్కకు తోస్తుంది. బండి వెనక పట్టుకుని తోస్తే ఎలా పక్కకు పోతుందో అలా. వెంటనే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే పెడల్) తొక్కి సరిచేయకపోతే గిర్రున తిరిగిపోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. రెక్క నేలను రాసుకుంటుంది, ఒక్కోసారి చక్రాలే విరుగుతాయి.

మొదటి వారం నాకు పైన వాంతులు. రెండో వారానికి కడుపు కుదురుకుంది. మూడో వారానికి ఎగరడం, తిప్పడం, స్టాల్ (రెక్కలకు ఎత్తే బలం పోవడం), స్పిన్ (గిరగిరా తిరుగుతూ కిందికి పడడం) అన్నీ వచ్చాయి. స్పిన్ అంటే అందరూ భయపడతారు గానీ దానికి ఒక మందు ఉంది: థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచి తగ్గించే లీవర్) మూసెయ్, తిరిగే దిక్కుకు ఎదురు కాలు తొక్కు, స్టిక్ ముందుకు తొయ్. లాండింగ్‌కు అలాంటి మందు లేదు. నేను ప్రతిసారీ నాలుగైదు అడుగుల ఎత్తులోనే స్టిక్ లాగేసేవాణ్ణి, విమానం దబ్బున పడి మళ్ళీ ఎగిరేది. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ఒకటే మాట అనేవారు, "దూర్ దేఖో." నాకేమో కళ్ళు రన్‌వే మీద దగ్గర్లో ఉన్న నల్లటి టైరు గీతల మీదికే పోయేవి.

నా కోర్సులో చాలామందికి సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం, అయిపోయింది. నాకు 14 గంటలు దాటాయి. సస్పెండ్ అనే మాట మెస్‌లో వినిపిస్తే అన్నం గొంతు దిగేది కాదు. సస్పెండ్ అంటే పైలట్ కావడం ఇక లేనట్టే, నావిగేషన్‌కో గ్రౌండ్ బ్రాంచికో పంపేస్తారు. ఒక రోజు నిజంగానే దిగాక ఎడమకు తిరిగిపోయాను. రన్‌వే పక్క ఎర్ర మట్టిలోకి దిగి ఆగాం. రెక్కకు ఏమీ కాలేదు. తప్పు పూర్తిగా నాది, చక్రాలు తాకగానే పని అయిపోయిందనుకుని కాళ్ళు సడలించాను. ఇన్‌స్ట్రక్టర్ కేకలేయలేదు. ఇంజిన్ ఆపించి, ఇద్దరం దిగాక, ఆ మట్టిలో పడిన చక్రాల జాడ వెంట నన్ను వెనక్కి నడిపించారు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ వంకర పెరిగింది, అడుగడుగునా ఆగి చూపించారు. మొదట్లో ఆ వంకర బెత్తెడు కూడా లేదు. అక్కడ కాలు కదిలించి ఉంటే సరిపోయేది. ఏ పుస్తకం చదివినా రాని పాఠం నాకు ఆ జాడలో వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత చెక్, అంటే ఒంటరిగా పంపవచ్చో లేదో చూసే పరీక్ష. వేరే ఇన్‌స్ట్రక్టర్, మూడు లాండింగులు. దూరంగా, రన్‌వే చివర దాటి ఆకాశం కలిసేచోట చూపు నిలిపాను. మూడోసారి దిగాక ఆయన బెల్టు విప్పుకుని, ఖాళీ సీట్లో పట్టీలు గట్టిగా బిగించి, నా భుజం తట్టి దిగిపోయారు.

ఒక్కణ్ణే ఉన్నాను. ఒక మనిషి బరువు తగ్గేసరికి విమానం అనుకున్నదానికంటే ముందే నేల వదిలింది. పైకి వెళ్ళాక పక్కకు చూశాను. అష్టూరు బహమనీ సమాధులు వరసగా కనబడ్డాయి. వాటిలో ఒకటి పిడుగు పడి నిలువునా చీలిన గుమ్మటం, సగమే నిలబడి ఉంటుంది. లోపలి వంపు ఎండలో తెల్లగా మెరిసింది. దిగేటప్పుడు గట్టిగా పైకే అనుకున్నాను, దూర్ దేఖో అని. మూడు చక్రాలూ ఒకేసారి తాకాయి. ఆగేదాకా కాళ్ళు సడలించలేదు.

ఆ తర్వాతిది అప్పటి ఫైటర్ పైలట్ల దారే: దుండిగల్‌లో కిరణ్ జెట్, హకీంపేటలో ఇస్క్రా జెట్, చివరికి వింగ్స్ అనే పైలట్ బ్యాడ్జి. బీదర్ కూడా మారిపోయింది. హెచ్‌టీ-2లు పోయాయి. 1996లో ఆకాశ విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం అక్కడే పుట్టింది, 2008 ఫిబ్రవరిలో హాక్ జెట్లు వచ్చాయి. మొదటి సోలోలు జరిగిన చోట ఇప్పుడు ఫైటర్ పైలట్ల ఆఖరి దశ శిక్షణ నడుస్తోంది.

సోలో అయిన ఆదివారం బస్సెక్కి ఇంటికి వచ్చాను. తాత అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఒక్కనివే పోయినవా బిడ్డా?"

"ఒక్కణ్ణే తాతా."

"మీదికెల్లి మనూరు కనవడ్డదా?"

"లేదు. అష్టూరు గుమ్మటాలు కనబడ్డాయి."

ఆయన బీడీ పక్కన పెట్టాడు. "సగం కూలింది ఉంటది, అదా?"

"అదే."

"ఆ రాత్రి మా అక్క పిల్లల్ని పట్టుకోని దాని సాటుకే కూసున్న. తెల్లారిందాక." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "గాలిమోటరు ఎట్ల దించుతరో చూపియ్."

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి గచ్చు మీద పొడుగ్గా రన్‌వే గీశాను. తాత అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని అరుగు చుట్టూ తిప్పి, మలుపులన్నీ చెబుతూ, మెల్లగా ఆ గీత మీద దింపాను. ఆయన ముందుకు వంగి చూశాడు.

"మళ్ళొక్కసారి," అన్నాడు.