ఆర్టీసీ సమ్మెలో నా కరెంటు రోజులు

కరెంటు, అంటే కేన్సర్‌కి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్, పెట్టించుకునేవాళ్లకు మొదటిరోజే గట్టిగా చెబుతారు, మధ్యలో మానొద్దని. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రావాలి, శని ఆదివారాలు ఒంటికి విశ్రాంతి, అలా ఐదు వారాలు. రొమ్ము కేన్సర్‌కి నాకు రాసిచ్చిన లెక్క అది. మిషన్ కింద పడుకునేది కాసేపే. నొప్పి తెలియదు, వేడి తెలియదు. నాకు కష్టమైందల్లా ఆ మిషన్ దాకా చేరుకోవడం. 2019 అక్టోబరులో, తెలంగాణలో ఆర్టీసీ బస్సులు ఆగిపోయిన రోజుల్లో.

మాది చౌటుప్పల్ దగ్గర చిన్న ఊరు. ఇంట్లోనే బట్టలు కుడతాను. ఆ ఏడు సంక్రాంతి పోయాక స్నానం చేస్తుంటే ఎడమవైపు రొమ్ములో గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు కదా, వేడి గడ్డ అయివుంటుందిలే అన్నారు ఇంట్లో. మా ఊరి ఆశా కార్యకర్త మాత్రం ఊరుకోలేదు. "నొప్పిలేని గడ్డనే ముందు చూపించాలె అక్కా" అని వెంటబడి పంపించింది. సూది పరీక్ష, స్కానింగులు అయ్యాక రిపోర్టు వచ్చింది. ఎండాకాలమంతా కీమో. జుట్టు పోయింది, నోరంతా పూసి మజ్జిగన్నం కూడా మంటపుట్టేది. ఆగస్టులో ఆపరేషన్ చేసి రొమ్ముతో పాటు చంకలోని గడ్డలు కూడా తీశారు. ఇక ఎడమచేతికి సూది వేయించుకోవద్దు, బీపీ చూపించుకోవద్దు, బరువు ఎత్తొద్దు, దెబ్బ తగలనీయొద్దు అని చెప్పి పంపారు. వాపు వస్తే మళ్లీ పూర్తిగా తగ్గదట.

సెప్టెంబరు చివర్లో కరెంటు మొదలైంది. దానికి ముందు ఎదమీద రంగు సిరాతో గీతలు గీస్తారు. ఊదారంగు గీతలు, అడ్డంగా నిలువుగా, ఇంటూ గుర్తులు. మిషన్ వెలుగు ఆ గీతలమీదే పడాలి. సబ్బు రుద్దొద్దు, గీతలు చెరగనీయొద్దు. నేను కత్తెర పెట్టేముందు గుడ్డమీద సుద్దతో గీసుకునే గీతల్లాగే ఉండేవి అవి. నా పాత నూలు జాకెట్లు రెండు విప్పదీసి, చంక దగ్గర వదులు చేసి, కుట్టు లోపలివైపు ఒరుసుకోకుండా మళ్లీ కుట్టుకున్నాను.

మొదటి రోజులు బానే నడిచాయి. పొద్దున పల్లె నుంచి ఆటోలో చౌటుప్పల్, అక్కడినుంచి బస్సులో ఎల్బీ నగర్, ఆపైన మెట్రో. ఆ బస్సులో ఒక కండక్టరమ్మ ఉండేది, వయసులో నాకన్నా కొంచెం పెద్ద. రెండో రోజుకే నా గుండు, నా సంచిలోని ఎక్స్‌రే కవరు చూసి సంగతి కనిపెట్టింది. ఎడమవైపు వరసలో కిటికీ పక్క సీటు నాకు ఉంచేది. అక్కడ కూర్చుంటే నా ఎడమచేయి కిటికీవైపు ఉంటుంది, ఎవరి మోచేయీ తగలదు. "జర జరుగుండ్రి, పేషెంటున్నది" అని బస్సంతా వినపడేలా అనేది. నేను సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గు ఎంత అదృష్టమో తర్వాత అర్థమైంది.

అక్టోబరు 5 శనివారం నుంచి సమ్మె. దాదాపు 48 వేల మంది కార్మికులు, 26 డిమాండ్లు. అన్నిటికన్నా ముందున్నది సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది. అటు ఆంధ్రప్రదేశ్‌లో విలీనానికి ప్రభుత్వం అప్పటికే ఒప్పుకుంది, ఇక్కడ మాకెందుకు చేయరన్నది వాళ్ల ప్రశ్న. విధుల్లోకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టే అని ప్రభుత్వం అంది. మరునాడే సద్దుల బతుకమ్మ, ఆ మంగళవారం దసరా. పండగ కదా, నాలుగు రోజుల్లో ఏదో ఒకటి తేలుతుందని మా ఊళ్లో అంతా అనుకున్నారు. అది నవంబరు చివరిదాకా సాగింది.

బస్సులు ఒక్కటీ లేవని కాదు. తాత్కాలిక డ్రైవర్లతో పోలీసుల కాపలాలో కొన్ని తిప్పారు. కాని ఏది ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా మెట్లమీదే జనం. మాకు దిక్కు తుఫాను జీపులు, సెవెన్ సీటర్ ఆటోలు. బస్సు చార్జీకి రెండింతలు, మూడింతలు. డబ్బు ఒక ఎత్తు, కూర్చోవడం ఒక ఎత్తు. ముగ్గురు పట్టే సీటులో ఐదుగురిని ఇరికిస్తారు. నా ఎడమచేతిని కుడిచేత్తో పొదివిపట్టుకుని, సంచిని అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. చెమటకు, పక్కవాళ్ల రాపిడికి గీతలు కరిగి జాకెట్టుకు అంటేవి. ఆసుపత్రిలో టెక్నీషియన్ ఆ అబ్బాయి మళ్లీ కొలతలు చూసి గీసేవాడు. "ఇట్ల రోజూ చెరిగితే ఎట్లమ్మా" అనేవాడు విసుగు లేకుండానే. సమ్మె రెండో వారానికి చంక కింద తోలు నల్లబడి, పొరలు లేచి, రసి కారడం మొదలైంది. ఆ పచ్చి పుండుతో తుఫానులో గంటన్నర.

కొన్ని రోజులు అసలు చేరలేకపోయాను. చౌటుప్పల్లో ఎండలో నిలబడి నిలబడి వెనక్కి వచ్చేశాను. డాక్టరమ్మ తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పింది. రోజూ వరసగా పడితేనే కేన్సర్ కణం తేరుకోదు, ఎడం ఇస్తే మళ్లీ బలం పుంజుకుంటుంది, పోయిన రోజులు చివర్లో కలిపినా అది మొదటి లెక్కతో సమానం కాదు అంది. బయట వరండాలో నాలాంటివాళ్లు ఎంతమందో. గొంతు కేన్సర్‌తో మాట రాని ఒక తాత దేవరకొండ వైపు నుంచి బొగ్గులారీలో వచ్చానని సైగలతో చెప్పాడు. ఇల్లు చేరే దారిలేక కొందరు అక్కడే చాపలు పరుచుకున్నారు. చివరికి నన్ను హయత్‌నగర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచారు. పత్తి ఏరే రోజులు, మా ఆయన రాలేడు. పిల్లలిద్దరినీ మా అత్తమ్మ చూసుకుంది. ఆడబిడ్డ మంచిది కాబట్టి సరిపోయింది. పట్నంలో ఎవరూ లేనివాళ్ల సంగతి?

నాకు కోపం వచ్చింది. దాచుకోవాల్సిన పనిలేదు. ఒక శనివారం ఇంటికి వెళ్తుంటే చౌటుప్పల్లో ధర్నా టెంటు దగ్గర ఆ కండక్టరమ్మ కనపడింది. నన్ను చూసి లేచొచ్చింది. "కరెంటు అయిపోయిందా చెల్లె?"

"ఎక్కడ అక్కా, మీరు బండ్లు ఆపితే నేనెట్ల పోవాలె?" అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. సెప్టెంబరు జీతం పడలేదట. బిడ్డ కాలేజీ ఫీజు ఆగిపోయింది. సమ్మెలో ఖమ్మంలో ఒంటికి నిప్పంటించుకుని, తర్వాత చనిపోయిన డ్రైవరు గురించి చెబుతూ కళ్లు తుడుచుకుంది. "ఆస్పత్రి బండి ఒక్కటన్న నడుపుదాం అని నేను మావోళ్లతోటి అన్న చెల్లె. నీ ముఖమే యాదికొచ్చింది. ఒక్కరు డ్యూటీ ఎక్కినా సమ్మె పోతదన్నరు. వాళ్లను ఏమనాలె? అప్పటికే ఉద్యోగాలు పోయినట్టే అంటుండ్రి." పోతూపోతూ నా సంచిలో రెండు దానిమ్మకాయలు వేసింది. జీతం లేని మనిషి.

ఆ తర్వాత నా కోపం ఆమెమీద నిలవలేదు. సమ్మె చేసే హక్కు ఆమెది, అందులో నాకు అనుమానం లేదు. రాత్రి పదింటికి డ్యూటీ దిగి ఊరికి వెళ్లే బండిలేక డిపోలో కూర్చునే ఆడమనిషి తన గోడు వినమని అడగడం తప్పెలా అవుతుంది? నా కోపం తలుపు మూసి కూర్చున్నవాళ్లమీద. హైకోర్టు చెప్పాక అక్టోబరు 26న ఎర్రమంజిల్‌లో చర్చలకు కూర్చున్నారు, అదీ తెగలేదు. అన్ని వారాల్లో ఒక్కసారైనా, మిగతావన్నీ పక్కనపెట్టి, డయాలసిస్‌కి, కీమోకి, కరెంటుకి వెళ్లేవాళ్లకోసం పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి నడుపుకుందామని రెండు పక్షాలూ రాసుకుని ఉండాల్సింది. జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు మామూలుగా ఓపీ ఆపుతారు, ఎమర్జెన్సీ చూస్తారు. అలాంటి ఏర్పాటు బస్సులకు ఎందుకు ఉండకూడదు? నడిపినవాడు సమ్మె ద్రోహి కాడని సంఘమూ, దాన్ని చూపించి సమ్మె విరిగిందని చెప్పబోమని ప్రభుత్వమూ మాటిస్తే అయ్యేపని. ఇది ఇప్పటికీ జరగాల్సిందే అంటాను.

నా కరెంటు అనుకున్నదానికన్నా ఆలస్యంగా నవంబరు నడిమిలో ముగిసింది. నవంబరు 25న సమ్మె విరమించారు. మర్నాడు డిపోలకు వెళ్లినవాళ్లను లోపలికి రానీయలేదు. 28న ముఖ్యమంత్రి ప్రకటన చేశాక 29 నుంచి డ్యూటీలు ఎక్కారు. డిసెంబరు మొదటివారంలో చార్జీలు కిలోమీటరుకు 20 పైసల చొప్పున పెరిగాయి. విలీనం ఊసు అప్పటికి ఆగింది. ఆడవాళ్ల డ్యూటీ రాత్రి 8 గంటలకల్లా ముగిసేలా చూస్తామన్న మాట వచ్చిందని కండక్టరమ్మ తర్వాత నాకు బస్సులోనే చెప్పింది.

చంక కింద పుండు మానడానికి కొన్ని వారాలు పట్టింది. తోలు ఇంకా కొంచెం నల్లగా, గట్టిగా ఉంటుంది. చేయి గోడకు ఆనించి వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేస్తాను. కుట్టుమిషన్ తొక్కుతాను కాని ఎక్కువసేపు కత్తిరింపు పని పెట్టుకోను. కేన్సర్ మళ్లీ రాకుండా వేసుకునే ఐదేళ్ల టామోక్సిఫెన్ మాత్రలు అయిపోయాయి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ అనే ఎక్స్‌రే తీయించుకుంటున్నాను, ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది.

మా చుట్టుపక్కల ఊళ్లనుంచి ఈ జబ్బుతో ఎవరైనా నన్ను అడగడానికి వస్తే రెండు సంగతులు చెబుతాను. కరెంటు మొదలుకాకముందే పట్నంలో పడుకునే చోటు చూసిపెట్టుకోండి, చుట్టాలు లేకపోతే పేషెంట్లకు ధర్మసత్రం ఏదైనా ఉందేమో ఆసుపత్రిలోనే అడగండి. ఇంకొకటి, ఈమధ్య చాలాచోట్ల రొమ్ము కేన్సర్ కరెంటును మూడు వారాల్లోనే ముగిస్తున్నారు. అది అందరికీ కుదరదు, డాక్టరే తేల్చాలి. కాని మొదటిరోజే నోరు తెరిచి అడగండి.