పావియాలో ముద్దయిన అన్నం

సెప్టెంబరు మొదట్లో, యూనివర్సిటీలో చదువుకోవడానికి, ఇటలీలోని పావియా స్టేషన్‌లో దిగాను. మిలాన్ నుంచి రైల్లో అరగంట. గదికి నడిచే వెళ్ళచ్చన్నారు గానీ, పాత ఊరి సందుల్లో పరిచినవన్నీ ఏటి గుండ్రాళ్ళు. మధ్యలో రెండు నున్నటి రాతి పట్టీలుంటాయి, చక్రాలు వాటి మీద నడిపించాలి. ఆ సంగతి తెలిసేలోపే సూట్‌కేసు చక్రం ఒకటి ఊడింది. అందులో సగం బరువు అమ్మ పెట్టిన పచ్చళ్ళదే.

మొదటి వారమంతా కాగితాల టెన్షన్. దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫారాల కవరు ఇచ్చేది పోస్టాఫీసు. దానికి కావాల్సిన 16 యూరోల స్టాంపు అమ్మేది మాత్రం సిగరెట్ల కొట్టు! ఇది తెలియక క్యూలో నిలబడి ఉత్త చేతులతో వచ్చాను. తెలిసి వెళ్తే, మధ్యాహ్నం కదా, కొట్టు మూసేసి ఉంది. చిన్న కొట్లవాళ్ళు భోజనానికి ఇంటికెళ్ళి తీరిగ్గా వస్తారు. మొదట ఒళ్ళు మండింది. నెల తిరిగేసరికి నేనూ ఆ వేళకి కునుకు తీస్తున్నాను.

యూనివర్సిటీ 1361 నాటిది. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా పాఠాలు చెప్పిందిక్కడే. ఆయన విగ్రహమున్న ముంగిట్లోనే మేం టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. పక్కనే పాతకాలపు ఇటుక గోపురాలు మూడు నిటారుగా ఉంటాయి. పెద్ద చర్చి పక్కనున్న గోపురం మాత్రం మొండి గోడ. 1989 మార్చి 17 పొద్దున ఉన్నట్టుండి కూలిందట, నలుగురు పోయారు. అది విన్నాక ఆ మూడింటి కింద నడిచేటప్పుడు ఒకసారి పైకి చూడకుండా ఉండలేకపోయాను.

అసలు బెంగ తిండిది. సూపర్‌మార్కెట్‌లో బియ్యం రకరకాలు కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. అందంగా ఉన్న లావు గింజ ప్యాకెట్టు తెచ్చి, మా ఇంట్లోలాగే ఎసరు పెట్టాను. మూత తీస్తే జిగురు ముద్ద. మా ఫ్లాట్‌మేట్ చూసి పడీపడీ నవ్వింది. అది రిసొత్తో అనే వాళ్ళ అన్నం వంటకానికి వాడే బియ్యమట. వెన్నలో ఉల్లిపాయ వేయించి, బియ్యం వేసి, మరిగే కూరగాయల నీళ్ళు గరిటెడు గరిటెడు పోస్తూ కలిపి చూపించింది. రుచి బాగుంది గానీ లోపల పలుకుంది. అలాగే ఉండాలట! మా నానమ్మకు పెడితే కంచం తోసేసేది.

ఆ అమ్మాయిది మోర్తారా దగ్గర పల్లె. అక్టోబరులో ఒక ఆదివారం తనతో రైలెక్కాను. టిచీనో నది దాటాక కిటికీలో పచ్చగా, పసుప్పచ్చగా వరి చేలు! మాది మిర్యాలగూడ, నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఇటలీలో గట్లు, కాలవలు, కొంగలు చూస్తానని నేననుకోలేదు. (సెప్టెంబరులో నన్ను కుట్టి చంపిన దోమలు ఎక్కడివో కూడా అప్పుడే అర్థమైంది.) చేలో మనుషులు లేరు, ఒక్క కోత మిషనే తిరుగుతోంది. ఒకప్పుడు కలుపు తీయడానికి వేరే ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు రైళ్ళలో వచ్చేవాళ్ళట. మోకాలి లోతు నీళ్ళలో వంగి పాటలు పాడుకునేవాళ్ళట. కలుపు మందులొచ్చాక ఆ రాకలు ఆగిపోయాయి.

గట్టు మీద నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాను. అమ్మ ఎప్పటిలాగే, "తిన్నవా బిడ్డా?" అంది. నాన్న ఫోన్ లాక్కుని చేను చూపించమన్నాడు.

"ఎకరానికి ఎన్ని బస్తాలట?"

ఫ్లాట్‌మేట్ హెక్టారుకి క్వింటాళ్ళలో చెప్పింది. ఎకరాల్లోకీ, 75 కేజీల బస్తాల్లోకీ మార్చేసరికి ముప్పై అయిదు దాకా తేలాయి.

"మంచిగనే ఉంది. రెండో పంట ఎప్పుడేస్తరు?"

చలికి ఇక్కడ ఒక్క పంటే అని చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు.

"ఒక్క పంటకే మరి మిల్లు ఎట్ల నడుస్తదే?"