గజం అంటే 36 అంగుళాలు

శనివారం. పొద్దుటి నుంచి మబ్బు. రంగులు చూసుకోవడానికి ఇంతకంటే మంచి వెలుతురు ఉండదు. ఎండలో ఎరుపు రెచ్చిపోతుంది, ట్యూబులైటు కింద నేవీ బ్లూ నల్లగా కనిపిస్తుంది. అందుకే బొంతలు కుట్టడానికి ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో పాట పాడి కొన్న మూడు బట్టల పార్శిళ్లనూ కిటికీ పక్కన బల్ల మీదే విప్పాను. కత్తెర, టేపు, చిమటా, అగ్గిపెట్టె దగ్గర పెట్టుకుని.

మొదటిది నేవీ మీద తెల్ల మొగ్గల ప్రింటు. "3 గజాలు, ఒకే ముక్క" అని రాశారు. 3 గజాలంటే 108 అంగుళాలు. ఒక అంచు వెంట కొలిస్తే 107, రెండో అంచు వెంట 103. అమ్మినవాళ్లు మోసం చేశారని వెంటనే అనుకోనక్కర్లేదు. షాపు తాను (బట్టచుట్ట) మీద బట్ట మధ్యకు మడిచి చుట్టి ఉంటుంది. ఆ మడత కాస్త జరిగినా, సరిచూడకుండా కత్తెర పెడితే కోత ఏటవాలుగా పోతుంది. అసలు కొలత తేలాలంటే పొట్టి అంచు దగ్గర పేక పోగు (అడ్డపోగు) ఒకటి పట్టి మెల్లగా లాగాలి. బట్ట అడ్డంగా సన్నటి గీత పడుతుంది, ఆ గీత వెంట కత్తిరించాలి. అలా సరిచేస్తే ఈ ముక్కలో చేతికొచ్చేది 102 అంగుళాలే. చిన్న చదరాలు కోసుకునేవాళ్లకు పెద్ద నష్టం లేదు. పెద్ద బొంతకు బోర్డరు అతుకు లేకుండా 104 అంగుళాలు కావాలనుకుంటే మాత్రం ఈ బట్ట పనికిరాదు.

కత్తెర ఇంకా పెట్టలేదు, నీళ్లూ తగలనివ్వలేదు. రెండు అంచుల వెంట టేపు పరిచి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీశాను. రాసినట్టు సరుకు రాకపోతే, చేరినప్పటి నుంచి 30 రోజుల్లో ఈబేలో ఫిర్యాదు పెట్టవచ్చు. వాపసు తీసుకోం అని అమ్మినవాళ్లు రాసుకున్నా ఈ హక్కు పోదు. ఉతికిన బట్టకు మాత్రం వాదన నిలవదు. పార్శిల్ రాగానే సంబరంగా వాషింగ్ మెషీన్‌లో వేసేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

రెండో కవరులో పన్నెండు ఫ్యాట్ క్వార్టర్లు. గజం బట్టను నిలువుగా సగం, అడ్డంగా సగం కోస్తే వచ్చే 18 × 22 అంగుళాల ముక్క ఇది. పావు గజం అని మాత్రమే రాస్తే 9 × 44 అంగుళాల పొడుగు పీలిక కూడా రావచ్చు. విస్తీర్ణం ఒకటే, కానీ 10 అంగుళాల చదరం ఆ పీలికలోంచి రాదు. పాడే ముందే అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇది. ఈ పన్నెండూ కొలతకు సరిగ్గానే ఉన్నాయి, ఒకటి మాత్రం చేతికి జారుతోంది. గుప్పిట్లో నలిపి వదిలితే మడత పడలేదు. నాలుగు పోగులు లాగి చిమటాతో పట్టుకుని అంటించాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. ఇది కరిగి, కొసన నల్లటి గట్టి పూసలా మిగిలింది. పాలిస్టర్ కలిసిందన్నమాట. 1970ల నాటి ప్రింట్లలో ఈ కలగలుపు చాలా ఎక్కువ. నూలు ముక్కల మధ్య దీన్ని కుడితే, నూలుకు పెట్టే ఇస్త్రీ వేడికి ఇది మెరుపెక్కి ముడుచుకుంటుంది. ఉతికాక పక్క ముక్కలు కుంచించుకుపోయినా ఇది అలాగే ఉండిపోయి, కుట్టు చుట్టూ బొంత ఉబ్బుతుంది. ఒక్క ముక్కే కాబట్టి పక్కన పెట్టేశాను. అమ్మకం పేజీలో "కాటన్" అని ఉండి "100 శాతం" అని లేకపోతే అడిగి తీరాల్సిందే.

వాసన గురించి కూడా రాసుకోవాలి. సిగరెట్ కంపు నీడలో నాలుగైదు రోజులు ఆరవేసి, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే చాలావరకు వదులుతుంది. కలరా ఉండల వాసన వదలడం చాలా కష్టం. చెక్క బీరువాలో ఏళ్ల తరబడి ఆని ఉన్న మడతల మీద పసుపు గీతలు పడతాయి, అవి ఉతికినా పూర్తిగా పోవు. ఫొటోలో మడత కొసలు చూపించకుండా మధ్య భాగమే చూపిస్తే, కొసల ఫొటో ఇంకోటి పంపమని అడగడం మేలు. షాపు కిటికీ దగ్గర నిలబెట్టిన తానుకు కూడా మడత మీదే ఎండకు రంగు పోతుంది.

మూడో పార్శిల్‌ను చాలాసేపు చేతిలోనే పట్టుకు కూర్చున్నాను. అమెరికాలో ఒకప్పుడు కోళ్ల దాణా, పిండి అమ్మిన పువ్వుల ప్రింటు సంచులని చెప్పి పంపిన రెండు ముక్కలు. 1930ల్లో ఇళ్లలో ఆ సంచులు విప్పి గౌన్లు, బొంతలు కుట్టుకునేవారు. 100 పౌన్ల సంచి విప్పితే సుమారు 36 × 42 అంగుళాల బట్ట వస్తుంది. అసలు సంచికి గుర్తు రంధ్రాలు. గొలుసుకుట్టు దారం లాగేసిన చోట ఒక పక్కా, అడుగునా లావుపాటి సూది రంధ్రాలు వరసగా మిగులుతాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చుక్కల బాటలా కనిపిస్తాయి. ఈ రెండింటిలో ఒకదానికి అవి ఉన్నాయి. రెండోది 44 అంగుళాల పన్నా (వెడల్పు), నేత నున్నన, అంచు మీద రంగుల చుక్కలు, వాటి పక్కన కాపీరైట్ సంవత్సరం. పాత ప్రింటును చూసి ఈమధ్య కొత్తగా అచ్చు వేసింది. 1950ల ముందటి అమెరికన్ నూలు ప్రింట్లు ఎక్కువగా 35, 36 అంగుళాల పన్నావే కాబట్టి, "పాతది" అని 44 అంగుళాల బట్ట అమ్మితే అనుమానించాలి. అంచు మీది సంవత్సరం డిజైనుది, బట్ట నేసిన ఏడాది అదే అనుకోకూడదు.

ఇంతకన్నా పాతవి, 19వ శతాబ్దపు ముక్కలు, పాటకు వస్తే ముదురు గోధుమ, నలుపు పువ్వుల దగ్గర చూడాలి. పువ్వు ఉన్నచోటే బట్ట చీకిపోయి, చుట్టూ గట్టిగా ఉంటుంది. ఆ రంగులు పట్టడానికి వాడిన ఇనుము పోగును తినేస్తుంది. మన పెడన, మచిలీపట్నం అద్దకంలో తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టి తీసే నలుపులో ఉండేదీ ఆ ఇనుమే. 17, 18 శతాబ్దాల్లో మన తీరం నుంచి ఓడలెక్కిన చిరివేరు (ఎర్ర రంగు తీసే మొక్క వేరు) ఎరుపు పువ్వుల బట్టల్ని ఇంగ్లండులో ఆడవాళ్లు పువ్వు పువ్వుగా కత్తిరించి తెల్లగుడ్డ మీద అతికి బొంతలు కుట్టారు. మన ఇళ్లలో పాత చీరల పొరలతో బొంత కుట్టుకునే చేతులకు ఆ పని కొత్తగా అనిపించదు.

మధ్యాహ్నం, రంగు దిగుతుందేమో చూద్దామని, ఫ్యాట్ క్వార్టర్లలోని ముదురు ఎరుపు దాని మూల నుంచి 2 అంగుళాల ముక్క కోసి, గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు వేసి గాజు గ్లాసులో నానేశాను. తెల్ల నూలు పీలిక కూడా అందులోనే. అరగంటకు నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగాయి, పీలిక తెల్లగానే ఉంది. ఇలాంటిదాన్ని విడిగా, రంగు పీల్చే షీటు వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. పీలికకు కూడా రంగు అంటి ఉంటే తెలుపు పక్కన కుట్టేదాన్ని కాదు.

రాత్రి 9:12కు ఇంకో పాట ముగుస్తుంది. 1930ల ప్రింట్లను చూసి కొత్తగా అచ్చు వేసిన ముక్కలు, 2 పౌన్ల మూట. తూకం మూటలకు లెక్క ఇలా వేస్తాను. 44 అంగుళాల పన్నా క్విల్టింగ్ నూలు గజం 5 ఔన్సుల పైన, సుమారు 5.3 తూగుతుంది. అంటే పౌనుకు (16 ఔన్సులు) 3 గజాలు, రెండు పౌన్లకు 6. మూటలో సన్న పీలికలు, వంకర ముక్కలు ఉంటాయి కాబట్టి పావు వంతు తీసేస్తే 4.5 గజాలు. షాపులో గజం 12 నుంచి 14 డాలర్లుంది. చూడకుండా కొనే మూటకు గజానికి 7 డాలర్లు మించి పెట్టడం నాకు సబబనిపించదు. 4.5 గజాలకు 31.50. ఇందులో తపాలా 8.50, తపాలాతో కలిపిన మొత్తం మీద పన్ను 7 శాతం పోతే పాటకు మిగిలేది 20.94. తూకం ప్యాకింగ్ లేకుండానే అని అమ్మే ఆమె నిన్ననే జవాబిచ్చింది.

ఈబేలో గరిష్ఠం ఒకసారి చెబితే చాలు, అవసరమైనంత మేరకే అదే పెంచుకుంటూ పోతుంది. 5 నుంచి 25 డాలర్ల లోపు పెంపు 50 సెంట్లు. చాలామంది 20, 20.50 అని గుండ్రంగా పెడతారు, కాబట్టి చివర విడి సెంట్లు ఉంచితే ఒక్కోసారి ఆ సెంట్లతోనే పాట దక్కుతుంది. ఇద్దరిదీ సమానమైతే ముందు పెట్టినవారిదే. చివరి క్షణంలో పాడినా గడువు పొడిగించరు. ముందే పాడితే, రెచ్చిపోయి ఇంకో రెండు డాలర్లు పెంచే తీరిక అవతలివాళ్లకు దొరుకుతుంది.

ఎనిమిది సెకన్లు ఉండగా 20.87 పెట్టాను. 19.50కి ఆగింది. తపాలా, పన్ను కలిపి 29.96, గజం 6.66. అదే ఆమె దగ్గర తెల్ల మస్లిన్ కూడా ఒకటి ఉంది. రెండూ ఒకే కవరులో పంపితే తపాలా ఎంతవుతుందో చెప్పి, బిల్లు సవరించి పంపమని డబ్బు కట్టకముందే రాశాను, కట్టాక తగ్గించడం వాళ్లకు తలనొప్పి కనుక. నేవీ ముక్క అమ్మినవాళ్లకు టేపు ఫొటోలు కూడా పంపేశాను, మొత్తం వాపసో, పొట్టి అయినంత మేరకు డబ్బు వెనక్కో, ఏదైనా సరేనని.