తీయనక్కరలేని రివెట్

"దాన్ని ముట్టుకోకు. దానివల్ల విమానానికి ఏ ఇబ్బందీ లేదు, ఉన్నదల్లా నీకే" అంటూ మా ఆఫీసులో డేటాబేసులు చూసుకుంటూ, ఇంటి గరాజులో సొంతంగా విమానం కట్టుకుంటున్న పెద్దాయన నా చేతిలోని డ్రిల్లు తీసుకుని బల్లమీద పెట్టేశారు. ఆయన గొంతులో కోపం లేదు. అయినా ఆ మాట నన్ను వారమంతా వదలలేదు. రేకులను కలిపి బిగించే రివెట్టు ఒకటి బాగా పడలేదని చూపించింది నేను, తీసి మళ్లీ వేద్దామన్నదీ నేను. శ్రద్ధగా పనిచేసేవాడికి ఈ మందలింపేమిటని మనసు మొరాయించింది.

మేముండే అమెరికాలోని విచిటా, సెస్నా, బీచ్‌క్రాఫ్ట్ సంస్థలు పుట్టిన ఊరు. ఇక్కడ ఎవరైనా ఇంటి గరాజులో విమానం కడుతున్నారంటే ఇరుగుపొరుగు పెద్దగా ఆశ్చర్యపోరు. పెద్దాయన కడుతున్నది ఒరెగాన్ రాష్ట్రం అరోరాలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు విడిభాగాల కిట్‌గా అమ్మే ఆర్‌వి-7, ఇద్దరు పక్కపక్కన కూర్చునే అల్యూమినియం విమానం. అందులో రివెట్లు పది వేలకు పైగానే ఉంటాయి. చాలా చోట్ల ఒకరు ముందునుంచి రివెట్టు గన్నుతో కొడుతుంటే, వెనుకనుంచి మరొకరు బరువైన ఉక్కు దిమ్మెను రివెట్టు కొనకు ఆనించి పట్టుకోవాలి. శనివారాలు నేను వెళ్లేది ఆ దిమ్మె పట్టుకోవడానికే.

గన్ను దెబ్బలకు రివెట్టు కొన దిమ్మెకు తగిలి అణిగి బొడిపెలా తయారవుతుంది. ఆ బొడిపె వెడల్పు రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలని లెక్క. అంటే అంగుళంలో ఎనిమిదో వంతు రివెట్టుకు బొడిపె సుమారు 4.8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు రావాలి. నేను చూపించినది ఆ కొలత చూసే గేజికి వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచింది, అంతే. తీయాలంటే పద్ధతి ఉంది. ఈ రకం రివెట్టు తల నడుమ చిన్న గుంట ఉంటుంది. డ్రిల్లు మొనను అందులో నిలిపి, తల మందం మేరకే తొలిచి, ఆ రంధ్రంలో పంచ్ అనే సన్నని ఉక్కు కడ్డీ దూర్చి పక్కకు వంచితే తల ఊడివస్తుంది. తరువాత వెనుక ఆనిక పెట్టి మిగిలిన కాడను మెల్లగా తట్టి బయటికి దించాలి.

వినడానికి సులువే. కానీ మొన ఒక్క పిసరు జారినా, కాడను కొట్టేటప్పుడు ఆనిక లేకపోయినా, మిల్లీమీటరైనా మందం లేని ఆ రేకులో గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. అప్పుడు పెద్ద సైజు రివెట్టు వేయాలి. రంధ్రం నడుమనుంచి రేకు అంచుకు రివెట్టు మందానికి కనీసం రెండు రెట్ల దూరం ఉండాలి కనుక, ఆ పెద్ద రివెట్టుకు చోటు చాలకపోతే మొత్తం భాగాన్నే పక్కన పడేయాలి. వరుసలోని రివెట్లన్నీ కలిసి బరువు మోస్తాయి గనుక, వాటిలో ఒకటి కాస్త తక్కువగా అణగడం కంటే రంధ్రం పాడవడమే పెద్ద నష్టమని ఇక్కడ విమానాలు కట్టేవాళ్ల అనుభవం.

ఆ లెక్క నా బుర్రకు ఎక్కకపోలేదు. నాకు అడ్డుపడింది వేరే సంగతి. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి అనే వీసా షరతు మీద బతుకుతున్నవాడికి గేజి దాటిన వెంట్రుకవాసి కూడా కంట్లో నలుసులాగే ఉంటుంది. ఆఫీసులో నేను రాసిన ప్రోగ్రాములో తప్పు దొరికితే, అది ఎవరి కంటా పడకముందే రాత్రికి రాత్రి సరిదిద్ది పెట్టడం నాకు అలవాటు. దానివల్ల ఎవరికైనా నష్టముందా అని ఆగి చూసుకున్న సందర్భాలు తక్కువ.

పెద్దాయన తీరు దీనికి పూర్తిగా తలకిందులు. ఒక పక్కటెముక లాంటి భాగంలో రంధ్రం అంచుకు మరీ దగ్గరగా పడిందని తేలినప్పుడు, రెండో ఆలోచన లేకుండా కొత్త భాగానికి ఆర్డరు పెట్టారు. పాడైన దాని ఫోటో తీసి, ఏం జరిగిందో, ఎందుకు పారేశారో తేదీతో సహా పుస్తకంలో రాసుకున్నారు. విమానంలో ఎక్కువ భాగం తానే కట్టానని ప్రభుత్వ విమానయాన శాఖకు ఆ పుస్తకమే సాక్ష్యం. 1953లో పుట్టిన ఈఏఏ అనే, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం తరఫున సలహా చెప్పడానికి వచ్చే స్వచ్ఛంద నిపుణుడి ముందు మొదట తెరిచి చూపేది ఆ పేజీలే.

చూస్తే ముచ్చటేస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఎవరూ అడగకుండానే తన తప్పును ఫోటోతో సహా పుస్తకానికెక్కించే తీరిక, సొంత దేశంలో సొంత గరాజులో సొంత డబ్బుతో కట్టుకునేవాడికి ఉన్నంతగా నాకు ఉండదు. నాలాంటివాడు అదే నిజాయితీ ఆఫీసులో చూపిస్తే, ఏడాది చివర మదింపులో అది ఏ రూపంలో తిరిగొస్తుందో ఎవరు చెప్పగలరు? ఆయనది గుణమా, భద్రతా అని తేల్చుకోలేక చాలా రోజులు చిరాకు పడ్డాను.

పైగా, ఏ తప్పు వదిలేయాలో, ఏది దిద్దాలో తెలిసిన తెలివి ఇక్కడివాళ్లకే ఉందన్నట్టు మాట్లాడటమూ నాకు నచ్చదు. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లారీలకు బాడీలు కట్టారు. ఆదివారం ఫోన్లో ఈ సంగతంతా చెబితే, ఆయన ముందు అడిగింది రేకు మందం ఎంతని. చెప్పాను. "అయితే వదిలెయ్యడమే మంచిది. మరి దాని పక్కనున్నవి చూశారా?" అన్నారు. ఒకటి అణగలేదంటే దిమ్మె వంకరగా ఆనినట్టని, అలాంటప్పుడు అటూ ఇటూ రెండేసి రివెట్లు తడిమి చూడకుండా పైకి లేవకూడదని ఆయన లెక్క. దీనికి ఆయన దగ్గర పుస్తకం లేదు, పేజీ నంబరు లేదు.

పెద్దాయనకు అదే మాట మెసేజి పెట్టాను. గంటలోపే, గేజి పక్కన పెట్టి తీసిన నాలుగు ఫోటోలు వచ్చాయి. వాటిని నాన్నగారికి పంపితే, మూడు బాగున్నాయని, నాలుగోదాని బొడిపె ఒక పక్కకు వాలి ఉందని, తన చేతిలో పనైతే దాన్ని తీయించేవాడినని అన్నారు. వాలినా గేజిలోనే ఉందని పెద్దాయన అంటున్నారు. ఇద్దరి మధ్య ఆ వాదన ఇంకా తెగలేదు, అటు మాట ఇటు చెప్పే పని మాత్రం నా మీద పడింది.