గ్లోరియా మోలినా పార్కులో ఓ మధ్యాహ్నం

ఈరోజు జ్యూరీ డ్యూటీకి (కేసుల్లో తీర్పు చెప్పడానికి మామూలు పౌరుల్ని కోర్టుకి పిలుస్తారు) లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ వెళ్ళాను. పొద్దున్నుంచీ హాల్లో కూర్చోవడమే, నా పేరు పిలవనేలేదు. లంచ్ బ్రేక్ ఇవ్వగానే పులిహోర డబ్బా తీసుకుని కోర్టు పక్కనున్న పార్కులోకి వచ్చాను. ముదురు గులాబీ రంగు బెంచీలు, కింద సిటీ హాల్ దాకా దిగే వాలు, ఫౌంటెన్ ముందు పల్చగా పారే నీళ్ళలో బట్టలతో సహా తడిసిపోతూ పిల్లలు. బోర్డు మీద 'గ్లోరియా మోలినా గ్రాండ్ పార్క్' అని ఉంది. గ్లోరియా మోలినా ఇక్కడి రాజకీయ నాయకురాలు. ఆవిడ గురించి నాకు తెలిసిందంతా ఈరోజు రాసి పెట్టుకోవాలనిపించింది.

పదిమంది పిల్లల్లో పెద్దది, కూలి పని చేసుకునే మెక్సికన్ అమెరికన్ కుటుంబం. 1982లో కాలిఫోర్నియా అసెంబ్లీకి పోటీ చేస్తానంటే, ఇప్పుడు నీ వంతు కాదని సొంత వర్గం మగ నాయకులే వెనక్కి లాగారు. అయినా నిలబడి గెలిచింది, ఆ సభకు ఎన్నికైన మొదటి లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీ) ఆవిడే. 1987లో సిటీ కౌన్సిల్లోనూ, 1991లో కౌంటీ బోర్డులోనూ అంతే. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్ లాంటిదనుకుంటే సరిపోదు, కోటి మంది జనాభాకి ఆస్పత్రులు, జైళ్ళు, సంక్షేమం అన్నీ చూసే ఐదుగురు సూపర్‌వైజర్లు, ఒక్కొక్కరి కింద ఇరవై లక్షల మంది. లాటినోల ఓట్లు చీలిపోయేలా ఆ ఐదు నియోజకవర్గాల గీతలు గీశారని 1990లో ఫెడరల్ కోర్టు తేల్చి, మళ్ళీ గీయించింది. అలా వచ్చిన కొత్త నియోజకవర్గంలోనే ఆవిడ గెలిచింది. అంతకు ముందు వందేళ్ళకు పైగా ఆ బోర్డులో ఒక్క లాటినో కూడా లేరు, ఎన్నికై వచ్చిన ఆడవాళ్ళు అసలే లేరు.

ఈ 'మొదటి' అనే మాటలకన్నా నన్ను కదిలించేది కౌంటీ ఆస్పత్రి కథ. అక్కడ కాన్పుకి వచ్చిన మెక్సికన్ తల్లులకి, నొప్పులు పడుతుండగా ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, మళ్ళీ పిల్లలు పుట్టకుండా ట్యూబులు కట్టేశారు. కొందరికి సంతకం దేనికో కూడా తెలియదు. 1975లో పదిమంది తల్లులు కోర్టుకెక్కారు. ఆవిడ ముందుండి నడిపిన కమిసియోన్ ఫెమెనిల్ అనే మహిళా సంఘం వాళ్ళ పక్కన నిలబడింది. 1978లో జడ్జి డాక్టర్ల వైపే తీర్పిచ్చాడు. ఓడిపోయారు, కానీ స్పానిష్‌లో కాగితాలు, ఆలోచించుకోవడానికి గడువు లాంటి నిబంధనలు ఆ పోరాటాల వల్లే వచ్చాయి. నా కాన్పప్పుడు ప్రతి కాగితం ముందు నర్సు ఆగి, అర్థమైందా అని అడిగేది. ఆ తల్లుల్ని అలా అడిగినవాళ్ళు లేరు.

తర్వాత అదే ఆస్పత్రిని నడిపే కౌంటీ బోర్డులోకే ఆవిడ వచ్చింది. భూకంపంలో పాత భవనం దెబ్బతిన్నాక కొత్తది కట్టేటప్పుడు 750 పడకలు కావాలని పట్టుబట్టింది, బోర్డు 600కే ఒప్పుకుంది. ఆ 150 పడకల కోసం అంతలా కొట్లాడిందంటే, వార్డులో చోటు దొరక్క వరండాలో పడుకునేది ఎవరో ఆవిడకి బాగా తెలుసు కాబట్టే అనుకుంటాను.

ఆవిడకి బొంతలు కుట్టడం చాలా ఇష్టమట. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ళతో కలిసి ఓ కుట్టు బృందమే పెట్టింది. ఆ సంగతి తెలిశాక ఆవిడ మా పెద్దమ్మలాగే అనిపించింది.

2023లో ఆవిడ క్యాన్సర్‌తో ఉండగానే ఈ పార్కుకి ఆవిడ పేరు పెట్టాలని బోర్డు తీర్మానించింది, మేలో ఆవిడ పోయింది. బతికుండగా గౌరవించారు, అది నాకు చాలా నచ్చింది. పైగా ఈ పార్కు రావడానికి ఆవిడే గట్టిగా పూనుకుంది. ఎదురుగా ప్రభుత్వ స్థలంలో టవర్లు కట్టే కంపెనీ ఆ స్థలం అద్దె కింద 5 కోట్ల డాలర్లు ముందే కట్టింది, ఆ డబ్బు పార్కుకే వెళ్ళింది. తర్వాత మాంద్యం వచ్చి టవర్లు ఆగిపోయాయి, అవి 2022కి గానీ తెరుచుకోలేదు. పార్కు మాత్రం 2012లోనే జనానికి అందింది, టికెట్ లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. డబ్బు ముందు కట్టించుకోకపోయి ఉంటే ఆ పిల్లలకి ఇన్నేళ్ళూ ఈ నీళ్ళు ఉండేవి కావు.