వాగు మధ్యలో మోటారు దిమ్మె

నవంబర్, శనివారం. రాత్రి పదిన్నర.

బూట్లలో ఇసుక ఇంకా ఉంది. దులపకుండానే రాయడానికి కూర్చున్నాను, లేకపోతే రేపటికి సగం మరిచిపోతాను.

పొద్దున ఆరింటికి హనుమకొండ నుంచి బయలుదేరాం. మా కాలేజీ పిల్లలు శ్రావణి, అఖిల్, నేను, డ్రైవరు. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు బండి ఆపకుండా ఏ డ్రైవరూ ముందుకు పోడు, మా డ్రైవరూ ఆపాడు. కొబ్బరికాయ కొట్టి, చిప్పలో సగం నా చేతిలో పెట్టి, "మేడమ్, రాళ్ల మీద జాగ్రత్త" అన్నాడు. పోయినసారి నేను జారి పడిన సంగతి అందరికీ చెప్పుకున్నట్టున్నాడు.

తాడ్వాయి దాటాక మట్టిదారి. అనుమతి కాగితం చూపించి, బండి దిగి అరగంట నడిచాం. మేము చూడవలసింది గుట్టల మీద నుంచి దిగి జంపన్న వాగులో కలిసే ఓ ఒర్రె. పటంలో దానికి పేరు లేదు, సన్నటి నీలం గీత మాత్రమే. ఆ గీతలో కిలోమీటరు మేర ఒడ్డు ఎంత నిలకడగా ఉంది, రాయి ఎంత గట్టిగా ఉందో చూసి మార్కులు వేయాలి. పిల్లల ప్రాజెక్టు.

మార్కుల కాగితం అమెరికాది. అక్కడి అటవీ శాఖలో పనిచేసిన ఫాంకుచ్ అనే ఆయన 1975లో తయారు చేశాడు, కొండ వాగుల కోసం. పై గట్టు, కింది గట్టు, అడుగు, ఈ మూడింటికీ కలిపి 15 అంశాలు. ఎక్కువ మార్కులు వస్తే సంతోషించకూడదు, ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. 38 వస్తే వాగు బంగారం, 76 దాకా బాగున్నట్టే, 114 దాకా పరవాలేదు, ఆ పైన పాడైనట్టు. మొత్తం 152. మంచు కరిగి పారే వాగుల దేశం నుంచి వచ్చిన ఈ కాగితాన్ని మా గుట్టల్లో పరుస్తున్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వు వస్తుంది. మా వాగులు తొమ్మిది నెలలు నిద్రపోతాయి. 2023 జులై 27న వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు రాష్ట్రంలో రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5. ఆ ఒక్క రోజులో జంపన్న వాగు కొండాయిలో ప్రాణాలు తీసింది, మోరంచ వాగు మోరంచపల్లిని ముంచింది. అలాంటి రాత్రి ఒక్కటి చాలు, పదేళ్ల పని చేసి పోతుంది.

ముందుగా రాళ్ల లెక్క. వంద రాళ్లు. పద్ధతి చాలా సులువు, మనుషులే దాన్ని పాడు చేస్తారు. వాగులో అడ్డంగా నడుస్తూ, అడుగు వేసిన చోట తల పక్కకు తిప్పుకుని, బూటు కొన ముందు చూపుడువేలికి మొదట తగిలిన రాయిని తీయాలి. దాని నడిమి కొలత రాసుకోవాలి, పొడవు కాదు, మందం కాదు. అఖిల్ మొదటి పది రాళ్లూ అందంగా ఉన్నవే తీశాడు. "నువ్వు రాళ్లు ఏరుతున్నావా, పెళ్లిచూపులకు వచ్చావా" అన్నాను. శ్రావణి తువ్వాలుతో వాడి కళ్లకు గంతలు కట్టింది. వాడు ఓసారి మోకాలి లోతు మడుగులో కూర్చున్నాడు గాని, ఆ తర్వాత లెక్క మాత్రం నమ్మదగినదిగా వచ్చింది. సగం రాళ్లు 58 మిల్లీమీటర్ల లోపే.

నాకు ఈ కాగితంలో ఇష్టమైన అంశం రాళ్ల మెరుపు. నిలకడైన వాగులో రాళ్లు మాసిపోయి ఉంటాయి, నాచు పట్టి, మరక పట్టి. తెల్లగా, కడిగిన గిన్నెల్లా మెరిసే రాళ్లు ఎక్కువగా కనిపిస్తే అవి ఈ మధ్యనే దొర్లాయన్న మాట. అడుగున నూటికి 5 కన్నా తక్కువ మెరిస్తే మంచి వాగు, 65 దాటితే చెడ్డది. ఇంత చూడముచ్చటైన అంశానికి ఆ మహానుభావుడు పెట్టినవి 4 మార్కులే! కోతకూ మేటకూ కలిపిన అంశానికి మాత్రం 24. బరువును బట్టి పెట్టాడని నాకు తెలుసు, అయినా మనసొప్పదు.

ఒడ్డు వారన గుమ్మడికాయంత రాయి ఒకటి తిప్పి చూశాను. పైన లేత గోధుమ రంగు, గరుకుగా, శుభ్రంగా ఉంది. కింద, ఇసుకలో ఆనిన వైపు, నల్లటి పూత, ఎండిన నాచు, వేలితో గీరితే పొరలా లేచింది. మామూలుగా వెలుతురు తగిలే పై వైపు ఉండవలసిన నాచు ఇది. అంటే ఈ రాయి ఈ వానాకాలంలోనే బోర్లా పడింది. శ్రావణి దాన్ని ఎత్తబోయి ఎత్తలేక వదిలేసింది. "ఇంత బరువు రాయా మేడమ్?" అంది. ఆ ప్రశ్న వేశాక ఇక నేను పాఠం చెప్పనక్కర లేదనిపించింది.

రాళ్ల కోణాల అంశం దగ్గర మాత్రం పిల్లలు ఎప్పుడూ తప్పు చేస్తారు. నున్నటి గుండ్రాయి మంచిదనీ, పదునైన అంచుల రాయి చెడ్డదనీ అనుకుంటారు. కాగితం అందుకు పూర్తిగా వ్యతిరేకం. అంచులున్న రాళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, సులువుగా కదలవు. గుండ్రటివి గోలీలు. మా ఒర్రెలో కొన్నిచోట్ల రాళ్లు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎగువ వైపు వాలి సర్దుకున్నాయి, అక్కడ కాలితో తన్నినా కదల్లేదు. ముప్పై అడుగులు దిగువకు వస్తే తన్నిన ప్రతి రాయీ దొర్లింది.

ఎడమ గట్టు ఇసుకరాయి. పొరలు పొరలుగా, మధ్యలో వేలెడు మందం మెత్తటి పలకరాయి. ఈ వైపు పాత శిలలకు భూగర్భ శాస్త్రంలో పఖాల్ శిలలనే పేరు మన పాకాల చెరువు నుంచే వెళ్లిందని చెబితే పిల్లలు నమ్మలేదు. సుత్తితో కొట్టి వినమన్నాను. గట్టి రాయి ఖంగుమంటుంది, కుళ్లిన రాయి డబ్ డబ్ మంటుంది. తరవాత ష్మిట్ సుత్తి తీశాం, కాంక్రీటు కోసం పుట్టిన పనిముట్టు, నొక్కితే వెనక్కి తన్ని అంకె చూపిస్తుంది. తడిరాయి మీద అంకె తగ్గుతుంది కాబట్టి నీటి చెమ్మ లేని చోటు వెతకడానికే అరగంట పట్టింది. పొరలు వాగు వైపుకే వాలి ఉన్నాయి. మెత్తటి పలక ముందు కొట్టుకుపోతుంది, పైన ఇసుకరాయి సజ్జలా మిగులుతుంది, ఓ రోజు పగులు దగ్గర విరిగి పడుతుంది. అలా పడిన మంచమంత బండలు మూడు కింద ఉన్నాయి.

అప్పుడే సమ్మయ్య వచ్చాడు, ఎడ్లను తోలుకుంటూ. ఎదుటి గట్టు మీద చేను ఆయనదే. పడిన బండలు చూపించి, "అవి భూకంపానికి పడ్డాయా మేడమ్?" అని అడిగాడు. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు కొంచెం ముందు 5.3 తీవ్రతతో భూమి కదిలింది, కేంద్రం ములుగు జిల్లాలోనే. ఆ రోజు హనుమకొండలో మా వంటింటి గిన్నెలు కూడా మోగాయి. బండ విరిగిన ముఖం కొత్తగా ఉంది, ఎర్ర మరక పట్టలేదు. ఈ మధ్యే విరిగిందని ఆ ముఖం చెబుతుంది, ఎవరు విరిచారో చెప్పదు. అదే మాట ఆయనకు చెప్పాను. తల ఊపాడు, తృప్తి పడలేదు.

"మరి నా దిమ్మె సంగతి రాసుకున్నారా?" అన్నాడు.

వాగు నడిమధ్య కాంక్రీటు దిమ్మె ఒకటి పక్కకు ఒరిగి ఉంది. నాలుగు బోల్టులు తుప్పు పట్టి పైకి లేచి ఉన్నాయి. ఎగువ వైపు దానికి కొమ్మలు, ఓ చిరిగిన యూరియా సంచి చుట్టుకున్నాయి. పొద్దుటి నుంచి దాని చుట్టే తిరిగాం. అఖిల్ దాన్ని ఏడో అంశం కింద, ప్రవాహానికి అడ్డంకులు అన్న చోట రాసి, మార్కులు పెంచాడు కూడా. 2024 ఆగస్టు 31 గాలికి తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి కదా, వాటి కొమ్మలు కొట్టుకువచ్చి ఇలాంటి అడ్డంకులకే చిక్కుకుంటాయి, పిల్లవాడి లెక్క తప్పేమీ కాదు.

సమ్మయ్య చెప్పింది వేరు. ఆ దిమ్మె వాగులోకి రాలేదు, వాగే దిమ్మె దగ్గరికి వచ్చింది. 2023 వానకు ముందటి ఎండాకాలంలో మోటారు బిగించడానికి చేనులో, గట్టు అంచుకు ఆరడుగులు లోపల, పోయించాడట. టేపు పెట్టి కొలిచాం. దిమ్మె నుంచి ఇప్పటి గట్టు అంచు 4.7 మీటర్లు. ఆ ఆరడుగులూ కలిపితే ఆరున్నర మీటర్లు. ఇంత గట్టు పోయింది. ఎక్కువ భాగం ఆ ఒక్క రాత్రే పోయిందంటాడు ఆయన. మోటారును మాత్రం ముందురోజు సాయంత్రమే విప్పి ఇంటికి తెచ్చుకున్నాడట. "వాసన తెలిసింది" అన్నాడు. ఏ వాసన అని అడిగితే నవ్వాడు.

సద్ది తింటూ లెక్క కూడాం. అఖిల్‌కు 74, బాగున్న వాగు. నాకు 81, పరవాలేని వాగు. ఇద్దరం ఒకే నీళ్లలో, ఒకే రోజు నిలబడి చూసినదే. దిమ్మెను నేను అడ్డంకుల్లో రెండు తగ్గించి గట్టు కోత కింద వేశాను, అక్కడే 6 కాస్తా 12 అయింది. మెరుపులో ఒకటి, రాళ్ల బిగువులో రెండు పెంచాను. అఖిల్ వాదించాడు, బాగానే వాదించాడు. "ఎడమ గట్టంతా రాయే కదా మేడమ్, సగటున వాగు గట్టిదే" అన్నాడు.

సగటు అనే మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఎడమ గట్టు రాయి కాబట్టే కుడి గట్టు పోతోంది. వరద ఆ ఇసుకరాయి గోడకు కొట్టుకుని మళ్లి సమ్మయ్య చేను మీద పడుతుంది. రెండు గట్లకూ కలిపి ఒక అంకె వేస్తే, ఒక కాలు నిప్పుల్లో, ఒక కాలు నీళ్లలో పెట్టినవాణ్ణి హాయిగా ఉన్నావు అన్నట్టే. ఆ మాట అనేశాక, కాగితం మీద ఉన్న కోపమంతా పిల్లవాడి మీద చూపించానేమో అనిపించింది. వాడికి నా పెరుగన్నంలో ఆవకాయ ముక్క ఇచ్చాను. చివరికి రెండు గట్లకూ విడివిడిగా రెండు కాగితాలు నింపాలని తేలింది. శ్రావణి నిట్టూర్చింది. రాయవలసింది తనే.

మిగిలిన పని రంగు వేయడం. పాతిక రాళ్లను ఆరబెట్టి, పసుపు ఎనామిల్ పూసి, నల్లరంగుతో 1 నుంచి 25 దాకా అంకెలు వేసి, దిమ్మెకు ఎగువన అడ్డంగా వరుసగా పెట్టాం. వచ్చే వానాకాలం దాటాక వచ్చి, ఏ రాయి ఎంత దూరం పోయిందో వెతకాలి. చిన్నవి దొరకవు. ఆ గుమ్మడికాయంత రాయికి 25 వేశాం, దాని మీద పిల్లలు చెరో పది రూపాయలు పందెం కాశారు.

డబ్బాలో పావు వంతు రంగు మిగిలింది. సమ్మయ్య అడిగి తీసుకున్నాడు, ఎడ్ల కొమ్ములకట. నల్లరంగు చిన్న డబ్బా కూడా ఇచ్చేశాం. గోడ కడతారా అని మాత్రం వెళ్లేటప్పుడు అడిగాడు. మేము కాలేజీ వాళ్లం, కొలిచి రాస్తాం, కట్టేది మేము కాదు అని చెప్పాను. "అయితే మోటారు ఇంకో పది అడుగులు వెనక్కి జరుపుతా" అన్నాడు.

ఇందాక తొమ్మిదింటికి ఫోనులో ఒక ఫొటో వచ్చింది, ఆయన మనవడు పంపాడు. లైటు వెలుతురులో ఒక ఎద్దు, రెండు కొమ్ములూ పచ్చగా, తడి ఆరకుండా మెరుస్తున్నాయి. ఎడమ కొమ్ము మీద 26, కుడి కొమ్ము మీద 27.