పదకొండేళ్లు తెరవని ట్యాంకు

2025 సంక్రాంతికి ముందు మా ఇంట్లో లెట్రిన్ నీళ్లు దిగడం మానేశాయి. ఫ్లష్ కొడితే గుడగుడమని చప్పుడు, నీళ్లు అంచు దాకా వచ్చి మెల్లగా దిగేవి. పైపు అడ్డుపడిందనుకుని రెండు బాటిళ్ల యాసిడ్ పోశాను. అది పెద్ద తప్పు. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించేది బ్యాక్టీరియానే. యాసిడ్‌కి ముందు చచ్చేవి అవే.

మాది తిరుపతి శివారు, అవిలాల వైపు. మా వీధిలో భూగర్భ డ్రైనేజీ లేదు. ఇల్లు కట్టించిన నాయన ఇప్పుడు లేరు. ట్యాంకు మీద పార్కింగ్ టైల్స్ పరిచేశాం, మూత ఎక్కడో ఎవరికీ గుర్తులేదు. అమ్మ తులసికోట దగ్గర నిలబడి, "ఇక్కడి నుంచి మీ నాయన నాలుగు అంగలేసి చూపించినాడురా" అంటూ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తానూ నాలుగు అంగలు వేసింది. ఆయనవి పెద్ద అంగలు. అమ్మ ఆగిన చోటికి ఇంకో రెండడుగులు అవతల గడ్డపారతో తడితే బోలుగా మోగింది. టైల్స్ పగలగొడితే కింద కడప బండలు.

మొదట వచ్చిన ట్యాంకరాయన లోపలికి తొంగిచూసి, "నీళ్లు పైపుతో లాగేస్తాం సార్. అడుగున గట్టిపడిన మడ్డి మాత్రం మనిషి దిగి బకెట్‌తో తీయాల్సిందే. పదిహేను వందలు ఎక్కువవుతుంది" అన్నాడు. వెంట వచ్చిన పిల్లోడికి ఇరవై ఏళ్లుంటాయేమో. కాళ్లకు హవాయి చెప్పులు. అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు.

వద్దన్నాను. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. తక్కువగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. దిగినవాడు కూలిపోతాడు, వాణ్ని లాగబోయినవాడూ కూలిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా ఇలా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి చావులకు పరిహారం 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ డబ్బు ఆ పిల్లోడి తల్లికి ఏం చేసుకోను? డీజిల్ ఖర్చు ఇచ్చి వాళ్లను పంపించేశాను.

రెండో ట్యాంకరు కోసం మూడు రోజులు పక్కింటి బాత్రూమే దిక్కు. అమ్మకు అది చాలా కష్టమైంది. అయితే వచ్చినాయన పనితనం చూస్తే ఆ ఆలస్యం బాధ పోయింది. మూతలన్నీ తీసి గంటసేపు గాలి ఆడనిచ్చాడు, దగ్గరలో ఎవరినీ బీడీ ముట్టించనివ్వలేదు. లోపలి మీథేన్ గ్యాస్ అంటుకుంటుందట. పైన జానెడు మందాన తెట్టు. దాన్ని పొడుగాటి కర్రతో చెదరగొట్టి, మడ్డి మీద నీళ్లు వేగంగా కొట్టి, పలుచన చేసి లాగాడు. రెండు ట్రిప్పులు పట్టింది. ఎవరూ దిగలేదు. అడుగున కొంచెం మిగిల్చాడు, మళ్లీ బ్యాక్టీరియా పుట్టడానికి.

"ఇదంతా స్వర్ణముఖిలో గానీ చెరువులో గానీ పోయొద్దన్నా" అన్నాను. తూకివాకం దగ్గర శుద్ధి కేంద్రానికే తీసుకెళ్తానన్నాడు.

ఖాళీ అయ్యాక అసలు జబ్బు బయటపడింది. ఇంకుడు గుంతకు నీళ్లు పోయే చోట, తెట్టును ఆపే టీ పైపు (ఇంగ్లిష్ T ఆకారంలో ఉండేది) విరిగిపోయింది. తెట్టు నేరుగా గుంతలోకి పోయి దాన్నీ పూడ్చేసింది. మేస్త్రీ పైనుంచే కొత్త టీ బిగించాడు, గుంత మళ్లీ తవ్వించాం. గాలి గొట్టానికి దోమల వల కట్టాను.

మూత మీద ఈసారి టైల్స్ వేయలేదు. రెండు మూడేళ్లకోసారి తీయించాలట. కాంపౌండ్ గోడ మీద పెయింట్‌తో బాణం గుర్తు వేసి, "2028 జనవరి" అని రాశాను.